పంచదార గొంతు

నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. ఆ లెక్కన ఆమెకి ఈ లోకంలో శత్రువన్నవాడు ఉండకూడదు. కరెంటు ఆఫీసు వెనకవైపు, జనరేటరు పక్కన, కిటికీలు తెరుచుకోని పొడుగాటి గది ఒకటుంది. అది ఫిర్యాదుల గది. కరెంటు పోయినవాళ్లందరూ తిట్టేది ఆ గదినే. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని అందులో వరసగా కూర్చునే ఆడవాళ్లలో ఆమె అందరికంటే పాతకాపు. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఎవరో ఆమెకి పంచదార అని పేరు పెట్టారు. ఆ పేరే నిలిచిపోయింది. ఇంట్లో మొగుడికి చక్కెర జబ్బు, ఆఫీసులో పెళ్లాం పేరు పంచదార, ఇదేం రాత అని ఆమే చెప్పుకుని నవ్వేది.

ఫ్యూజు ఎగిరిపోయినవాడు, ఫ్రిజ్‌లో మందులు పాడైపోతున్నవాడు, అత్తగారు లిఫ్టులో ఇరుక్కుపోయి, అందుకు బాధపడుతున్నాడో లేదో గొంతుని బట్టి తేల్చలేనివాడు, అందరూ ఆ గదికే ఫోను చేస్తారు. చేసినవాడు హలో అనడు, తిట్టుతోనే మొదలుపెడతాడు. పంచదార ఎదురు చెప్పదు. అవతలి గొంతు ఎంత పైకి లేస్తే తన గొంతుని అంత కిందికి దించుతుంది. వాళ్లు చెప్పినదాన్నే నాలుగు ముక్కల్లో వాళ్లకి తిరిగి అప్పజెబుతుంది. పొద్దుటి నుంచీ కరెంటు లేదు, ఇంట్లో పసిపిల్ల ఉంది, ఎన్నిసార్లు చేసినా ఎవరూ పట్టించుకోలేదు, మీకు కోపం రావడం న్యాయమే అండీ అంటుంది. దాంతో సగం కోపం దిగిపోతుంది. లైన్‌మన్ ఎప్పుడొస్తాడో మాత్రం చచ్చినా చెప్పదు, అది లైన్‌మన్‌కే తెలియదు. అంతా అయ్యాక, "ఇంకేమైనా సహాయం కావాలా అండీ?" అని అడుగుతుంది. అది ఆఫీసు నేర్పిన ఆఖరి మాట. నిద్రలో కూడా అంటుందని మొగుడు సాక్ష్యం చెబుతాడు. ఫోను మాత్రం అవతలివాళ్లే ముందు పెట్టాలి, మనం పెట్టకూడదు. అది అక్కడి నియమం.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. పంచదార రచ్చ గెలిచింది. ఇంట్లో మాత్రం ఒక్క మనిషిని ఊరుకోబెట్టడం ఆమెకి ఏనాడూ చేతకాలేదు.

ఆ మనిషి ఆమె చెల్లెలు. అక్క బడి చదువు అయిపోవస్తున్నప్పుడు పుట్టిన పిల్ల. దీనికి దేవుడు చర్మం తొడగడం మరిచిపోయాడే అనేది వాళ్లమ్మ. ఎవరైనా ఒక మాట అంటే అందరికీ చెవిన పడి పోతుంది, ఆ పిల్లకి ఒంట్లోకి దిగుతుంది. బళ్లో టీచరు హాజరు పిలుస్తూ పొరపాటున పేరు దాటేస్తే, నేను అక్కర్లేదనే దాటేసింది అని ఏడ్చి జ్వరం తెచ్చుకుంది. సంతోషమొచ్చినా అంతే, వీధికుక్క పిల్లల్ని పెడితే ఇల్లు పీకి పందిరేసింది. పెద్దయ్యాక కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు బిగించే పనికి చేరింది. చేతిపని బంగారం. కానీ వచ్చినవాళ్లలో ఒకరు మొహం చిట్లిస్తే ఇక ఆ పూటంతా పోయినట్టే. దుకాణాలు మారింది, గదులు మారింది, స్నేహితులు మారిపోయారు. అందరూ ఆమెతో అన్నది ఒకటే మాట, ఇంత చిన్నదానికా అని. పంచదార కూడా అదే అంది, ఎన్నోసార్లు అంది. ఆ మాట పుండు మీద కారమని ఆమెకి తోచలేదు.

కిందటేడు గాలివాన వచ్చి ఊరు ఊరంతా చీకటైపోయిన రోజున, చెల్లెలు తన అద్దెగదిలో ప్రాణం తీసుకోబోయింది. పక్కగదివాళ్లు తలుపు పగలగొట్టి ఆస్పత్రిలో చేర్చారు కాబట్టి బతికింది. పంచదార అప్పుడు ఫిర్యాదుల గదిలో ఉంది. డ్యూటీ ఎక్కేటప్పుడు సొంత ఫోను గుమ్మం దగ్గరి అల్మారాలో పెట్టి తాళం వేసుకోవాలి. అందుకని సంగతి ఆమెకి డ్యూటీ దిగాక గాని తెలియలేదు. కొన్నాళ్లపాటు ఈ అమ్మాయిని ఒంటరిగా ఉండనివ్వకండి అని డాక్టరు చెప్పాడు. అక్క వెంటబెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. చెల్లెలు వచ్చిన రోజే కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది, ఇంకో గది దొరికేవరకే ఉంటానని. అప్పటి నుంచీ పంచదారకి ఒకటే ధ్యాస. దానికి ఆ గది దొరకకూడదు. అది తన ఇంట్లో, తన కళ్లముందు ఉండాలి. ఇంకోసారి పక్కగదివాళ్లు సమయానికి ఇంట్లో ఉంటారని నమ్మకమేమిటి?

తరగతి సంగతి చెప్పింది కూడా ఆ డాక్టరే. ఊరికే నొచ్చుకునే మనసున్నవాళ్లతో ఎలా మెలగాలో ఇంట్లోవాళ్లకి నేర్పుతారట. జబ్బు మరదలికి, చదువు మనకా అని మొగుడు గొణిగాడు. ఆయన జిరాక్సు మిషన్లు బాగుచేస్తాడు. ఏ యంత్రం ఆగినా ముందు ప్లగ్గు చూడమంటాడు, మనుషుల విషయంలోనూ ఆయనకి అంతకు మించి తెలియదు. ఒక శనివారం వచ్చి, కుర్చీలో చక్కగా కునుకు తీసి, పై వారం నుంచి నువ్వే వెళ్లిరా అన్నాడు.

తరగతి ఒక డ్యాన్సు స్కూలు మేడ మీద జరిగేది. గోడల నిండా నిలువుటద్దాలు. ఏ కుర్చీలో కూర్చున్నా ఎవరి ఏడుపు మొహం వాళ్లకి కనబడేది. నేర్పే ఆవిడ ఒకప్పుడు నర్సు, అందరూ టీచరమ్మ అనేవాళ్లు. కాలినచోట గాలి తగిలినా మంటే అని మొదలుపెట్టింది ఆవిడ. గాలే కదా అని మనకనిపిస్తుంది, వాళ్లకి మాత్రం మంట నిజం. ముందు మంట ఉందని ఒప్పుకోండి. వాళ్లు చెప్పింది విన్నామని, వాళ్ల మాటల్నే తిరిగి చెప్పి తెలియనివ్వండి. గొంతు దించండి. వాదించకండి, సలహాలు తర్వాత. అందరూ గబగబా రాసుకుంటున్నారు. పంచదార కలం తియ్యలేదు. ఇది తను ఇన్నేళ్లుగా రోజూ చేస్తున్న పనే కదా! దీనికి ఇంత బోధ ఎందుకు? ఆ సాయంత్రం మెట్లు దిగుతుంటే ఆమెకి చాలాకాలం తర్వాత ఒళ్లు తేలికైంది.

జంటలుగా కూర్చుని సాధన చేయమన్నప్పుడు ఆమెకి పాత డ్రిల్లు మాస్టారు జంటగా వచ్చాడు. ఒకే ఇంట్లో ఉంటూ కొడుకు ఆయనతో మాట్లాడి ఏళ్లయింది. పాపం మాస్టారికి ఆ విద్య ఎంతకీ పట్టుబడలేదు. పంచదార ఏడుస్తున్నట్టు నటిస్తే, "ఏడవకు, నిటారుగా కూర్చో!" అని అరిచేశాడు. హాలంతా నవ్వింది, ఆయన కూడా నవ్వి తల పట్టుకున్నాడు. తర్వాత పంచదార వంతు వచ్చింది. ఆ గొంతు దిగడం, ఆ ఆగడం, అవతలి బాధని పూసగుచ్చినట్టు తిరిగి చెప్పడం చూసి, అందరూ ఇటు వినండి అంది టీచరమ్మ. వెనక వరసలో ఒకావిడ నిజంగానే ఏడ్చేసింది. అప్పుడు మాస్టారు చెయ్యెత్తి అడిగాడు.

"అమ్మా, మీరు కరెంటు ఆఫీసులో కదూ? వానాకాలమంతా మీతోనే నా కాపురం. ఇప్పుడు మీరు మాట్లాడుతుంటే, లైన్‌మన్ బయల్దేరి ఉంటాడులే అనిపించింది."

అందరితోపాటు ఆమె కూడా నవ్వింది. ఇంటికి వెళ్లేదారిలో ఆ మాట చెప్పులో ఇసుకరేణువులా కాస్త గుచ్చుకుంది, తర్వాత మరిచిపోయింది.

ఇంట్లో మొదటి పరీక్ష త్వరలోనే వచ్చింది. చెల్లెలు దుకాణం నుంచి వచ్చి చెప్పులు ఒకటి ఇటూ ఒకటి అటూ విసిరేసింది. నలుగురు ఉండగా యజమాని తన చేతిలోంచి ఫ్రేము తీసుకుని ఇంకొకరికి ఇచ్చాడట. పాత పంచదార అయితే, యజమాని అన్నాక ఆమాత్రం ఉంటుంది, పోనీలే అనేది. ఈసారి గొంతు దించింది. నలుగురి ముందు నీ చేతిలోది తీసేసుకున్నాడు, నీకు పని రాదన్నట్టయింది, నువ్వు చిన్నబోవడం న్యాయమే అంది. చెల్లెలు ఆమెని ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. గదిలోకి పోబోయేది ఆగి కుర్చీలో కూర్చుంది. ఇంకా చెప్పింది. ఆ పూట ముగ్గురూ కలిసి భోంచేశారు.

అది మొదలు. చలి వెళ్లి ఎండలు వచ్చేదాకా ఆ ఇంట్లో తలుపు దడాలున వేసిన చప్పుడు లేదు. మరదలు నవ్వుతోందే అని మొగుడు ఆశ్చర్యపడి, ఏ ప్లగ్గు సరిచేశావు అని అడిగాడు. చెల్లెలు ఫోనులో అద్దెగదుల ప్రకటనలు చూడటం తగ్గించింది. ఒకరోజు బట్టల కొట్టుకి వెళ్లి ఆకుపచ్చ గుడ్డ కొని, తన గది కిటికీకి కర్టెన్ కుట్టించుకుంది. పంచదార ఆ కర్టెన్‌ని వెళ్తూ వస్తూ చూసుకునేది. వెళ్లిపోయే మనిషి కర్టెన్ కుట్టించుకుంటుందా? తరగతిలో ఈ సంగతి చెబితే చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్ల తర్వాతి వారమే అయింది అది. పొద్దున్నే ఎక్కడో పెద్ద ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి, పంచదార రోజంతా ఊరి చేత తిట్లు తిని వచ్చింది. గొంతు బొంగురుపోయింది. వంటింట్లో నిలబడి ఉల్లిపాయలు తరుగుతుంటే చెల్లెలు వచ్చి గడపలో కూర్చుంది. కాసేపు గోడ మీద సున్నం పెచ్చు గీకింది. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ రోజు మాట ఆమె ఎత్తడం అదే మొదటిసారి. మళ్లీ అలా అనిపిస్తుందేమోనని పొద్దున లేవగానే భయమేస్తుందంది. నవ్విన రోజున మరీ భయమంది. ఈ ఇంట్లో బాగుంది, ఇదీ పోతుందేమోనని భయం అంది.

పంచదార కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, వచ్చి నేల మీద పక్కన కూర్చుంది. తొందరపడలేదు. చెప్పినదంతా విని, ఒక్క ముక్క పోనివ్వకుండా తిరిగి చెప్పింది. బాగున్నప్పుడే పోతుందేమోనన్న భయం ఎక్కువ, అది ఎవరికైనా న్యాయమే అంది. చెల్లెలు ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చింది. చిన్నప్పుడు జ్వరమొస్తే ఏడ్చినట్టు, దాచుకోకుండా ఏడ్చింది. ఏడుపు నెమ్మదించింది. వంటింట్లో చప్పుడు లేదు. ఆ చప్పుడు లేనిచోట పంచదార నోరు, ఆమెని అడగకుండానే, తన పని తాను చేసుకుపోయింది.

"ఇంకేమైనా సహాయం కావాలా అండీ?"

అండీ అంది. ఎత్తుకుని పెంచిన చెల్లెల్ని పట్టుకుని అండీ అంది.

చెల్లెలు భుజం మీంచి తల తీసింది. కోపం లేదు, మొహంలో ఏమీ లేదు.

"ఆ రోజు కూడా ఇదే అడిగావు."

"ఏ రోజే?"

"గాలివాన రోజు. నీ ఫోనుకి చేస్తే నువ్వు ఎత్తలేదు. అందుకని మీ ఫిర్యాదుల నంబరుకి చేశాను. వేరేవాళ్లు ఎత్తితే పెట్టేశాను. మళ్లీ చేశాను. నువ్వు తగిలేదాకా చేశానక్కా. చీకటిగా ఉంది, భయమేస్తోంది అన్నాను. మీ భయం నాకు అర్థమైందండీ అన్నావు. ఎంత బాగా అన్నావో. నేనని నీకు తెలిసిపోయిందనుకున్నాను. తర్వాత ఇది అడిగావు."

"నువ్వేమన్నావు?"

"వద్దన్నాను."

అప్పుడు పంచదార గొల్లుమని ఏడ్చి ఉంటే బాగుండేది. నెత్తి బాదుకున్నా, చెల్లెల్ని పట్టుకుని కుదిపేసినా, ముందే ఎందుకు చెప్పలేదే అని తిట్టినా బాగుండేది. మనిషి నోట్లోంచి వచ్చే ఏ పిచ్చి మాటైనా ఆ క్షణానికి సరిపోయేది. కానీ ఆమె నోట్లో పిచ్చి మాటలు ఎప్పుడో అయిపోయాయి. ఉన్నవన్నీ వాడిన మాటలే. వాటిల్లోంచే ఒకటి వచ్చింది. నీకు ఎంత బాధ కలిగిందో నాకు అర్థమవుతోంది అంది, గొంతు దించి.

చెల్లెలు లేచి నిలబడింది.

"నువ్వు బాగానే అంటావక్కా. అందరికీ అంటావు."

అని, మిగిలిన ఉల్లిపాయలు తనే తరిగేసి గదిలోకి వెళ్లింది. పోట్లాట లేదు, తలుపు దడాలున వేయలేదు. నెల తిరక్కముందే వేరే ఊళ్లో పని చూసుకుని వెళ్లిపోయింది. స్టేషనుకి రావద్దంది. అక్క బతిమాలింది, బావ బతిమాలాడు, డాక్టరు చేత కూడా చెప్పించారు. అన్నీ విని సరే సరే అంది. వెళ్లిన వారానికి నంబరు మార్చేసింది. బాగానే ఉన్నాను, వెతకొద్దు అని బావకి రెండు ముక్కల సందేశం ఒకటి వచ్చింది. దానికి జవాబు పెడితే పోలేదు. ఆకుపచ్చ కర్టెన్ కిటికీకే ఉండిపోయింది.

ఫిర్యాదుల గదిలో ప్రతి ఫోనూ రికార్డవుతుంది. పంచదార సూపర్‌వైజరుని పట్టుకుంది. కుర్రవాడు, ఆమె దగ్గరే పని నేర్చుకున్నవాడు. ఏదో తనిఖీ కోసమనుకుని ఆ రోజు రికార్డులు తీసిచ్చాడు. ఆమె ఓపిగ్గా ఒక్కొక్కటీ విని ఆ గొంతుని పట్టుకుంది. చిన్న గొంతు, గాలి హోరు. తన గొంతు మాత్రం వెన్నలా ఉంది. భయం అర్థమైందండీ, మీ ప్రాంతంలో పనులు జరుగుతున్నాయండీ. చీకటిగా ఉందన్న ప్రతివాళ్లకీ ఆ రోజు అదే చెప్పారు, వీధి పేరు కూడా అడగలేదు. ఇంకేమైనా సహాయం కావాలా అండీ? వద్దు. ఆ వద్దు తర్వాత అవతల ఫోను పెట్టలేదు. ఊపిరి వినబడుతోంది. ఒక ఊపిరి, ఇంకో ఊపిరి. అంతలో టక్కున తెగింది. తెంపింది ఇవతలి నుంచే. గాలివాన రోజున ఫోన్లు వెల్లువలా వస్తుంటాయని, అవతలివాళ్లు పెట్టేదాకా ఆగనక్కర్లేదని ఆ ఒక్కరోజుకీ నియమం సడలించారు.

"ఇందులో తప్పేముంది మేడమ్? పాఠంలా ఉంది," అన్నాడు సూపర్‌వైజరు.

అవును, తప్పేమీ లేదు. తప్పు ఉంటే దిద్దుకునేది.

ఆమె ఆఖరిసారి తరగతికి వెళ్లి జరిగింది చెప్పింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. టీచరమ్మ ముందుకు వంగి, ఆమె కళ్లలోకి చూస్తూ, మీకు ఎంత కష్టంగా ఉందో నాకు అర్థమవుతోందమ్మా అంది. మంచి మనిషి, మనసులోంచే అని ఉంటుంది. కానీ ఆ దిగిన గొంతు, ఆ చిన్న విరామం పంచదారకి లోపలి నుంచి తెలుసు. వంటచేసేవాడికి తన వంట రుచి తెలియదంటారు. ఆమెకి ఆ పూట తెలిసింది, ఇన్నేళ్లుగా ఊరికి తను వడ్డిస్తున్నది ఎలా ఉంటుందో. చెల్లెలు రెండుసార్లు తిన్నది అదే. ఎదురుగా అద్దంలో చూస్తే, తను టీచరమ్మ వైపు మర్యాదగా తల ఊపుతూ కనబడింది. కిందికి దిగుతుంటే మాస్టారు వెనకే వచ్చాడు. ఏదో అందామని రెండు మెట్లకోసారి ఆగాడు. వీధి చివరిదాకా నడిచి, మా వాడు ఇంకా మాట్లాడలేదమ్మా అని మాత్రం చెప్పి తన దారిన పోయాడు.

డ్యూటీ మామూలే. తిట్లు మామూలే. ఒక్కటే మారింది. ఆ గదికి మాట్లాడని ఫోన్లు కూడా వస్తాయి. పిల్లలు ఆటకి చేసినవి, జేబులో తగిలి పోయినవి. హలో అని ఒకటి రెండుసార్లు అని పెట్టెయ్యమని ఆఫీసు చెబుతుంది. పంచదార పెట్టడం లేదు. అవతల ఉలుకూ పలుకూ లేకపోయినా చెవి ఒగ్గి కూర్చుంటోంది. వరసలో ఫోన్లు పేరుకుపోతున్నాయి. ఆఖరి మాట కూడా అనడం మానేసింది. సూపర్‌వైజరు మొదట బతిమాలాడు, తర్వాత సంజాయిషీ అడుగుతూ కాగితం ఇచ్చాడు. ఫోను చేసినవాళ్లు ఇచ్చే మార్కుల్లో ఇన్నాళ్లూ ఆమెదే మొదటి పేరు, ఇప్పుడు అట్టడుగుకి పోయింది. పంచదార పాకం ముదిరిందని పక్కసీటు ఆవిడ జోకు వేసింది. వేశాక తనకే బాగాలేక తల తిప్పుకుంది.

మళ్లీ వానలు వచ్చాయి. ఒక మధ్యాహ్నం, జనరేటరు ఆడుతుండగా, మాట్లాడని ఫోను ఒకటి ఆమెకి తగిలింది. గాలి హోరు. దాని వెనక ఊపిరి. చిన్న ఊపిరి, ఆగి ఆగి వస్తోంది. పంచదార హెడ్‌ఫోనుని రెండు చేతులతో చెవులకి అదుముకుంది. గొంతు దించలేదు. ఆ గదిలో ఎవరూ ఎన్నడూ వినని బొంగురు గొంతుతో, ఏడుపు అడ్డం పడుతుంటే, నలుగురూ తిరిగి చూసేంత పెద్దగా అంది.

"నేనేనే. అక్కని. పెట్టెయ్యకే. ఎక్కడున్నావో చెప్పు, వచ్చేస్తాను."

అవతల ఊపిరి ఒక్కక్షణం ఆగింది. తర్వాత ఎవరో ముసలావిడ, బెదిరిపోయిన గొంతుతో అడిగింది.

"ఎవరికి అక్కవమ్మా? మా ఇంట్లో కరెంటు లేదు."

పంచదార కళ్లు తుడుచుకుని వీధి పేరు అడిగింది. ముసలావిడ చెప్పింది, ఇంటి గుర్తు కూడా చెప్పింది. రాసుకుని, ఆవిడ ఫోను పెట్టేసేదాకా ఆగింది.